శిథిలాల దగ్గర ఆత్మల లెక్క వద్దు

తెలుగు క్రైస్తవ సంఘాల పెద్దలకు, విపత్తు సహాయం పేరిట పొరుగు దేశాలకు బృందాలను పంపుతున్న మిషన్ సంస్థల బాధ్యులకు,



ఎక్కడ భూమి కంపించినా మన సంఘాల్లో కానుకల సంచి ఆ వారమే తిరుగుతుంది. అందుకు నాకు గర్వంగానే ఉంటుంది. పింఛను డబ్బుల్లోంచి వంద రూపాయల నోటు తీసి సంచిలో వేసే అవ్వలున్న సంఘాలు మనవి. ఆ వంద రూపాయలు మీ చేతికి వచ్చాక జరిగేదాని గురించే ఈ ఉత్తరం.

మీ విరాళ అభ్యర్థనల్లో, ఆదివారం ప్రకటనల్లో, వాట్సాప్ సందేశాల్లో ఒక ధోరణి ఏళ్ల తరబడి కనిపిస్తోంది. భూకంపం సువార్తకు తలుపు తెరిచిందట. కోత సిద్ధంగా ఉందట. ఈ అవకాశం పోనీయకూడదట. 2015లో నేపాల్ గురించి ఈ మాటలే విన్నాం. 2023 నవంబర్‌లో అదే దేశంలో జాజర్‌కోట్ కూలినప్పుడు విన్నాం. 2025 మార్చిలో మయన్మార్ కంపించినప్పుడు మళ్లీ విన్నాం. తిరిగొచ్చిన బృందం చదివే నివేదికలో దుప్పట్లు, బియ్యం, టార్పాలిన్ల సంఖ్య తర్వాత ఇంకో సంఖ్య వస్తుంది: క్రీస్తును నమ్ముతామని ఇంతమంది తీర్మానం తీసుకున్నారు. సంఘమంతా స్తోత్రం అంటుంది. నేను ఒప్పుకోలేకపోతున్నది ఆ సంఖ్యనే.

బిడ్డను మట్టిచేసి వారం తిరగని తల్లి ఒకామె టార్పాలిన్ కింద కూర్చుని ఉంటుంది. మీ బృందం వెళ్తుంది. ఒక చేతిలో దుప్పటి, ఇంకో చేతిలో కరపత్రం. ప్రార్థన చేసుకుందామా అమ్మా అని అడుగుతారు. రాత్రికి చలి ఉంది, పక్కన ఇంకో పిల్లవాడున్నాడు, దుప్పటి మీ చేతిలో ఉంది. ఆమె వద్దనగలదా? వద్దనే వీలు లేని మనిషి తల ఊపితే, ఆ ఊపును రక్షణ అని మీరు ఏ ధైర్యంతో రాసుకుంటున్నారు?

నేపాల్ సంగతి వివరంగా మాట్లాడతాను, ఎందుకంటే అక్కడ మనవాళ్లు చేసిన మేలూ పెద్దదే, తెచ్చిపెట్టిన కీడూ పెద్దదే.

2015 ఏప్రిల్ 25న గోర్ఖా జిల్లా బార్పాక్ దగ్గర 7.8 తీవ్రతతో భూమి కదిలింది. మే 12న దోలఖా వైపు 7.3 తీవ్రతతో మరొకటి వచ్చింది. దాదాపు తొమ్మిది వేలమంది పోయారు. సుమారు ఐదు లక్షల ఇళ్లు నేలమట్టమయ్యాయి. కొండ ఊళ్లలో చాలా ఇళ్లు మట్టి అడుసుతో పేర్చిన రాతి గోడలవి. గోడలు విడిపోయి లోపలివాళ్ల మీదే పడ్డాయి. మొదటి భూకంపం వచ్చింది శనివారం, మధ్యాహ్నం పన్నెండు కావడానికి నాలుగు నిమిషాల ముందు. నేపాల్‌లో వారాంతపు సెలవు శనివారం. బడులు మూసి ఉండడం వల్ల వేలమంది పిల్లలు బతికిపోయారు. ఆ దేశంలో క్రైస్తవులు ఆరాధనకు కూడేది కూడా శనివారమే. పాట పాడుతున్నవాళ్ల మీద, వాక్యం వింటున్నవాళ్ల మీద కప్పులు కూలాయి. నేపాల్ సంఘం తన మృతులను తన మందిరాల్లోంచే వెలికి తీసుకుంది. 2011 జనగణన ప్రకారం ఆ దేశంలో క్రైస్తవులు నూటికి ఒకటిన్నర మంది కూడా లేరు. ఆ కొద్దిమందే, తమవాళ్ల శవాలను పూడ్చుకుంటూనే, పొరుగువాళ్లకు వంట చేసి పెట్టారు, రేకులు మోశారు, గాయపడినవాళ్లను కొండ దిగువకు భుజాన వేసుకుని తెచ్చారు.

మీ నివేదికల్లో వాళ్లెక్కడ? మీ బృందం దిగింది, మీ బృందం పంచింది, మీ బృందం ప్రార్థించింది అని రాస్తారు. ముందు తవ్వినవాళ్లు ఎవరు? మీ విమానం ఎగిరిపోయాక మిగిలిందెవరు?

అక్కడ మిగిలి ఉండడమంటే ఏమిటో చూపించినవాళ్లు మన క్రైస్తవుల్లోనే ఉన్నారు. 1950ల మొదట్లో పక్షుల మీద పరిశోధన కోసం నేపాల్ కొండల్లో తిరిగిన రాబర్ట్ ఫ్లెమింగ్, వైద్యురాలైన ఆయన భార్య బెథెల్, అక్కడ ఆసుపత్రి తెరవడానికి అనుమతి అడిగారు. ప్రభుత్వం ఇచ్చింది, షరతులతో. మతం మార్చే పని చేయకూడదు అన్నది వాటిలో ముఖ్యం. 1954లో ఏర్పడిన యునైటెడ్ మిషన్ టు నేపాల్ ఆ షరతు మీద సంతకం పెట్టి, ఎన్నో దేశాల సంఘాల నుంచి డాక్టర్లను, నర్సులను, ఇంజినీర్లను తెచ్చింది. తాన్‌సేన్ ఆసుపత్రి అలా నిలబడింది. ఖాట్మండు లోయలోని శాంతభవన్ ఆసుపత్రి అలా మొదలై, తర్వాత పాటన్ ఆసుపత్రిగా పెరిగింది. 2015లో క్షతగాత్రులు క్యూ కట్టిన ఆసుపత్రుల్లో పాటన్ ఒకటి. ఖాట్మండుకు దక్షిణాన ఆనందబన్‌లో కుష్ఠు మిషన్ 1957 నుంచి నడుపుతున్న ఆసుపత్రి, తన గోడలే పగుళ్లిచ్చినా, భూకంప బాధితులకు కట్లు కట్టింది. ఇవి ఎవరివో నేపాల్‌లో అందరికీ తెలుసు. ఎందుకు వచ్చారని అడిగితే ఆ డాక్టర్లు దాచుకోలేదు. అడగనివాళ్లకు మందు ఆపలేదు, అడిగినవాళ్లకు రెండు మాత్రలు ఎక్కువ ఇవ్వలేదు. అరవై ఏళ్ల ఆ మౌనమైన శ్రమకు వచ్చిన పరువును వారం రోజుల పర్యటనకు వచ్చిన బృందాలు కరపత్రాల సంచితో పణంగా పెట్టడం మీకు న్యాయంగా కనిపిస్తోందా?

పణం అని ఊరికే అనడం లేదు. భూకంపం వచ్చేనాటికి నేపాల్ కొత్త రాజ్యాంగం ముసాయిదా దశలో ఉంది. ఏళ్లుగా తెగని విషయాలను ఆ విపత్తు ఒత్తిడిలో పార్టీలు తొందరగా తేల్చాయి. ఐదు నెలలు తిరగకముందే, 2015 సెప్టెంబర్ 20న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. దాని 26వ అధికరణం ఇంకొకరిని మతం మార్చడాన్ని శిక్షార్హమైన నేరం అంటుంది. సరిగ్గా ఆ నెలల్లోనే విదేశీ బోధకులు ఏం చేస్తున్నారు? అమెరికాలో ఒక వీధి బోధకుడు, కూలిన గుడుల్లో ఒక్కటి కూడా మళ్లీ లేవకూడదని ప్రార్థిస్తున్నానని ట్విట్టర్‌లో రాశాడు. నేపాలీలు, భారతీయులు మండిపడ్డారు. ఆత్మల కోసం వాలే రాబందులు అన్న పేరు ఆ రోజుల్లోనే ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరు ఆ బోధకుడికి అంటుకోలేదు. సింధుపాల్‌చోక్ జిల్లాలో రేకు మోస్తున్న తమాంగ్ తెగ పాస్టరుకు అంటుకుంది.

మరుసటి ఏడాది, 2016లో, దోలఖా జిల్లా చరికోట్‌లో ఎనిమిదిమంది క్రైస్తవులను పోలీసులు అరెస్టు చేశారు. భూకంప భయంతో ఉన్న బడిపిల్లలకు మనోధైర్యం కలిగించే కార్యక్రమంలో యేసు కథ ఉన్న బొమ్మల పుస్తకం పంచారన్నది అభియోగం. కొత్త రాజ్యాంగం వచ్చాక మొదటి మతమార్పిడి కేసుగా అది వార్తలకెక్కింది. డిసెంబర్‌లో కోర్టు వాళ్లను విడిచిపెట్టింది. కానీ చట్టం ఆగలేదు. 2017లో కొత్త శిక్షాస్మృతి వచ్చింది, 2018 ఆగస్టు నుంచి అమలైంది. మతం మార్చినా, మార్చేందుకు ప్రోత్సహించినా ఐదేళ్ల దాకా జైలు, యాభై వేల రూపాయల దాకా జరిమానా. విదేశీయుడైతే శిక్ష ముగిసిన ఏడు రోజుల్లో దేశం దాటిస్తారు. నేపాలీని ఎక్కడికి దాటిస్తారు? అతని ఇల్లు అక్కడే, పిల్లల బడి అక్కడే, అనుమానంగా చూసే పొరుగువాళ్లూ అక్కడే.

ఆ చట్టం న్యాయమైనదని నేననడం లేదు. ఎవరి దేవుణ్ని వాళ్లు ఎంచుకునే హక్కు మనిషికి ఉండాలి, ఎంచుకోమని చెప్పే హక్కు కూడా ఉండాలి. దళితుడో, తమాంగ్, చేపాంగ్ తెగలవాడో తన బుద్ధితో క్రీస్తును నమ్ముకుంటే దాన్ని ప్రలోభం అని కొట్టిపారేయడం అతన్ని అవమానించడమే. అందుకే మీ మీద నా కోపం ఇంత. ఆ చట్టాన్ని సమర్థించేవాళ్లు ఎప్పుడూ ఎత్తి చూపేది ప్రలోభాన్నే. వాళ్ల చేతికి ఆధారం అందించడానికి మీరు ఇక్కడి నుంచి టికెట్లు కొనుక్కుని వెళ్తున్నారు. మనస్ఫూర్తిగా నమ్మిన నేపాలీ విశ్వాసం మీద కూడా బియ్యం మచ్చ పడేలా చేస్తున్నారు. మన దగ్గర దళిత క్రైస్తవుడి మొహం మీదే, బియ్యం కోసం మతం మారాడంటూ, రైస్ బ్యాగ్ అనేవాళ్లున్నారు. ఆ మాట పడేవాళ్లకు ఎలా ఉంటుందో మీకు తెలియదా? తెలిసీ ఇంకో దేశంలో ఇంకో పేదవాడికి ఆ గతి ఎలా పట్టిస్తారు?

ఇక మన సొంత చరిత్ర. ఒంగోలు బాప్టిస్టు సంఘాల పెద్దలు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలని కోరుతున్నాను.

ధాత, ఈశ్వర నామ సంవత్సరాల కరువు మీ ముత్తాతల కాలం నాటిది. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిలో లక్షల ప్రాణాలు తీసింది. ఒంగోలులో ఉన్న జాన్ ఎవరెట్ క్లౌ దొర, అంతకు ముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ధర్మం చేసినట్టు చేతిలో గింజలు పోయకుండా పని ఇచ్చి కూలి ఇచ్చాడు. వేలమంది, ఎక్కువగా మాదిగలు, ఆ కాలువ గట్టు మీద బతికారు. సాయంత్రాలు పనివాళ్ల మధ్య సువార్త చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. దాన్ని నేను దాచను. అయితే బాప్తిస్మం ఇవ్వమని జనం అడిగినప్పుడు క్లౌ దొర ఏం చేశాడు? ఇవ్వనన్నాడు. సహాయం పంచుతున్నంతకాలం, ఏడాదికి పైగా, ఒక్కరికీ ఇవ్వలేదు. ఆకలి అడిగిస్తోందో విశ్వాసం అడిగిస్తోందో తేలాలన్నాడు. 1878లో కరువు పని ముగిశాక, ఇక ఇచ్చే సహాయం ఏమీ లేదు వెళ్లిపొమ్మని చెప్పినా జనం కదల్లేదు. మాకు డబ్బు అక్కర్లేదు, బాప్తిస్మం కావాలి అన్నారు. అప్పుడు, జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ 2,222 మీకు కంఠస్థం. వార్షికోత్సవాల్లో చెబుతారు, సండే స్కూల్లో పిల్లల చేత చెప్పిస్తారు. దానికి ముందున్న ఏడాదికి పైబడిన నిరాకరణను ఏ వేదిక మీద చెబుతున్నారు? ఆ సంఖ్యకు విలువ తెచ్చింది ఆ నిరాకరణే కదా! అడిగినా ఇవ్వనన్న మనిషిని పితామహుడిగా చెప్పుకుంటూ, అడగని మనిషి దగ్గరికి దుప్పటితో పాటు తీర్మాన పత్రం తీసుకెళ్లే హక్కు మనకు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది ఒక్క క్లౌ దొర పట్టింపు అని కూడా అనుకోవద్దు. 1994లో రెడ్‌క్రాస్‌తో పాటు అంతర్జాతీయ సహాయ సంస్థలు విపత్తు సహాయానికి ఒక ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. ఒక మత దృక్పథాన్ని వ్యాపింపజేయడానికి సహాయాన్ని వాడకూడదన్నది అందులో ఒక నియమం. ఆ పత్రం వెనక నిలబడ్డవాళ్లలో వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ ఉంది, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ ఉంది, క్యాథలిక్కుల కారితాస్ ఉంది. 2011లో వాటికన్, వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్, సువార్తిక సంఘాల ప్రపంచ కూటమి మూడూ కలిసి, అనేక మతాల లోకంలో క్రైస్తవ సాక్ష్యం ఎలా ఉండాలో ఒక పత్రం వెలువరించాయి. పేదరికాన్ని, అవసరాన్ని వాడుకునే సాక్ష్యానికి చోటు లేదని అందులోనూ స్పష్టంగా ఉంది. మీలో చాలామంది పైసంస్థలకు ఈ మూడింటిలో ఏదో ఒకదానితో సంబంధం ఉంది. బృందాన్ని పంపేముందు ఈ పత్రాలను వాళ్ల చేత ఎప్పుడైనా చదివించారా?

చదివించకపోతే ఏమవుతుందో హైతీ చూపించింది. 2010 జనవరి 12 భూకంపం తర్వాత రెండున్నర వారాలకు, పదిమంది అమెరికన్ బాప్టిస్టులు 33 మంది పిల్లలను బస్సులో ఎక్కించుకుని డొమినికన్ రిపబ్లిక్ సరిహద్దు దగ్గర పట్టుబడ్డారు. అనాథలకు ఆశ్రమం కడతామన్నారు. ఆ పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. చదువు చెప్పిస్తారని నమ్మి అప్పగించారు. ఆ బాప్టిస్టుల మనసులో చెడు ఉందని నేననుకోను. తమది దేవుని పని కాబట్టి కాగితాలు, అనుమతులు, ఆ దేశపు చట్టం అన్నీ చిన్నవనుకున్నారు. మీ విన్నపాల్లో భూకంప అనాథల ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఆ బస్సు గుర్తొస్తుంది. ఆ పిల్లల బంధువుల కోసం ఎవరైనా వెదికారా? ఫొటోకు ఎవరి అనుమతి తీసుకున్నారు?

అదే హైతీ గురించి, పూర్వం దయ్యంతో ఒడంబడిక చేసుకున్న దేశమని టీవీలో చెప్పిన అమెరికన్ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ లాంటివాళ్ల ప్రసంగాలు మన తెలుగు వేదికల మీదికీ దిగుతున్నాయి. విగ్రహాలున్నాయి కాబట్టి దేవుడు కుదిపాడని చెప్పేవాళ్లను మీరు మైకు ముందు నిలబెడుతున్నారు. (ఈ జబ్బు క్రైస్తవులకే పరిమితం కాదు. 1934లో బీహార్, నేపాల్ కంపించినప్పుడు అది అస్పృశ్యత పాపానికి శిక్ష అని గాంధీ అన్నారు, టాగూర్ ఖండించారు.) సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావారికంటే పాపులా అన్న ప్రశ్నకు యేసు కాదన్నాడని ఈ బోధకులకు నేనా గుర్తు చేయాల్సింది? శనివారం ఆరాధనలో కప్పు కూలి పోయిన నేపాలీ విశ్వాసులను వాళ్లు ఏ పాపం కింద జమకడతారు?

నాకొచ్చే జవాబు నాకు తెలుసు. శరీరాన్ని కాపాడి ఆత్మను వదిలేయమంటావా అంటారు. వదిలేయమనడం లేదు. ఎందుకొచ్చారని అడిగితే క్రీస్తు కోసం వచ్చామని తలెత్తి చెప్పండి. మీ బోర్డు మీద పేరు దాచకండి. ఏడ్చే మనిషి తనంతట తాను ప్రార్థించమంటే పక్కన కూర్చుని ప్రార్థించండి. మిగతా మతాలవాళ్లు కూడా సహాయంతో పాటు తమ ప్రచారం చేసుకుంటున్నారుగా అని కొందరంటారు. చేస్తే అది వాళ్ల తప్పు. మన ప్రమాణం వాళ్ల దగ్గర అరువు తెచ్చుకునేది కాదు.

మంచి సమరయుడి కథ మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో! ఆ కథలో మీరెవరూ ఆగని చోటు ఒకటుంది. అతను గాయాలు కట్టి, పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు ఇస్తానని చెప్పి తన దారిన పోతాడు. ఊళ్లో ఉండేవాడి చేతికి డబ్బు అప్పగించాడు. పడి ఉన్నవాడు తేరుకున్నాక ఎవరిని పూజించాడో మనకు కథ చెప్పదు. మన డబ్బు కూడా అలా వెళ్లకూడదా? ఒక బృందం విమాన ఖర్చుతో కొండ మీద ఎన్ని ఇళ్లకు రేకులొస్తాయి? ఎంతమంది మేస్త్రీలకు, రాతి గోడలో అడ్డపట్టీలు వేసి భూకంపానికి తట్టుకునేలా కట్టడం నేర్పవచ్చు? నేపాల్ ప్రభుత్వం ఒక్కో ఇంటికి మూడు లక్షల నేపాలీ రూపాయలు విడతలుగా ఇచ్చింది. పునాది, గోడ నియమం ప్రకారం ఉన్నాయని తేలితేనే తర్వాతి విడత. కాగితాలు రాయలేక, ఇంజినీరును పిలిపించుకోలేక, విధవలు, ముసలివాళ్లు, భూమి పట్టా లేనివాళ్లు వెనకబడ్డారు. వాళ్ల పక్కన రెండేళ్లు నిలబడే ఒక నేపాలీ కార్యకర్తకు జీతం ఇవ్వడం మన మిషనరీ ఆదివారానికి తగని పనా? కెమెరాకు అందదు కాబట్టి చేయడం లేదా?

మీరు ధర్మకర్తలు. ఆ డబ్బు మీది కాదు, మీ సంస్థది కూడా కాదు. పింఛనులోంచి ఇచ్చిన అవ్వ, గల్ఫ్‌లో ఎండలో పనిచేసి పంపిన కుర్రవాడు, డాలస్‌లో తెలుగు సంఘం, వీళ్లంతా బాధలో ఉన్న మనిషికి చేరాలని ఇచ్చారు. చేరిందో లేదో, ఏ షరతుతో చేరిందో తెలుసుకునే హక్కు వాళ్లకుంది. అందుకే బహిరంగంగా అడుగుతున్నాను. సహాయానికి వచ్చిన కానుకను, సువార్త పనికి వచ్చిన కానుకను వేర్వేరు ఖాతాల్లో ఉంచి, ఆ లెక్కలు సంఘం ముందు చదవండి. సహాయం పంచే చోటికి కరపత్రం వెళ్లదని బృంద సభ్యుల చేత రాయించుకోండి. స్థానిక సంఘం రమ్మంటే తప్ప వెళ్లకండి. రావద్దంటే డబ్బు పంపి ఊరుకోండి. తల్లిదండ్రులు, బంధువులు తేలేదాకా ఏ పిల్లవాడి ఫొటో మీ చేతుల్లో ఉండకూడదు.

ఇక ఆ నివేదిక ఫారం. అందులో తీర్మానం తీసుకున్నవారి సంఖ్యకు ఒక గడి ఉంది. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఆ గడిని కొట్టివేస్తూ తీర్మానం చేసి, మరుసటి ఆదివారం ప్రకటనల్లో సంఘానికి చదివి వినిపిస్తారా? చేయకపోతే, ఎందుకు చేయలేదో కూడా అదే ఆదివారం, అదే మైకులో చెప్పండి.

ఇట్లు,
మీ సంఘాల్లోనే పెరిగి, నేటికీ వాటిలోనే కానుక వేస్తున్న ఒక విశ్వాసి